హద్దుల్లో దొరికిన మనిషి
(మామూలు మనిషి చరిత్ర: ఆరో భాగం)

పోయిన భాగం నాయనమ్మ మాట దగ్గర ఆపాను. మా ముత్తాత, అంటే ఆవిడ మావగారు, ఎప్పుడు పోయారని అడిగితే ఆవిడ తడుముకోకుండా చెప్పేది: "కాళయుక్తిలోరా అబ్బాయ్, పెద్ద జ్వరాలొచ్చిన ఏడు." ఆవిడ ఆయన్ని చూడలేదు. కోడలిగా ఆ గడపలో అడుగు పెట్టేసరికే ఆయన పోయి ఏళ్ళు గడిచాయి. అత్తగారు చెప్పగా విన్న మాటే అది. అయితే మన పెద్దవాళ్ళు తెలుగు సంవత్సరం పేరు చేర్చి చెబితే తేదీ వెతికేవాడికి సగం పని తగ్గుతుంది. అరవయ్యేళ్ళకోసారి తిరిగి వచ్చే పేరు కాబట్టి, ఏ కాళయుక్తి అన్నది తేలిస్తే చాలు. ఒకటి 1978లో వచ్చింది, దాని ముందుది 1918లో.

1918 అంటే ఇన్‌ఫ్లుయెంజా ఏడు. దేశం మొత్తం మీద కోటికి పైగా జనం పోయారు. కోటి ఇరవై లక్షలని ఒకరు, కోటి ఎనభై లక్షలని ఇంకొకరు అంచనాలు కట్టారు. 1921 జనాభా లెక్కల్లో దేశ జనాభా పదేళ్ళ కిందటి కన్నా తగ్గింది. మళ్ళీ ఎప్పుడూ అలా తగ్గలేదు. నాయనమ్మ మాట, దేశం లెక్క ఒకదానికొకటి అచ్చంగా అతికాయి. అంత చక్కగా అతికిన చోటే ఇంకోసారి తట్టి చూడాలన్నది నా పద్ధతి.

ఈ ధారావాహికలో మా వాళ్ళ పేర్లు, ఊరి పేరు రాయనని మొదట్లోనే చెప్పాను. కాకినాడ దాపుల ఊరు, కాలవ నీరెక్కని మెట్ట, ఎకరం చిల్లర భూమి, ఇద్దరన్నదమ్ములు. తమ్ముడు పెళ్ళి కాకముందే రంగం (రంగూను) ఓడెక్కాడు. అన్న ఊళ్ళో ఉండిపోయాడు. ఆ అన్నే మన మనిషి. చదువు లేదు, పదవి లేదు, ఏ ఉద్యమంలోనూ జైలుకెళ్ళలేదు. ఇలాంటి వాడి పేరు ఎక్కడ ఉంటుంది?

జనాభా లెక్కల్లో ఉంటుందా అని అందరూ ముందు అడుగుతారు. మద్రాసు రాజధానిలో 1871లోనే మనుషుల్ని లెక్కపెట్టారు. 1881 నుంచి పదేళ్ళకోసారి తప్పకుండా లెక్కపెట్టారు. ఇంటింటికీ వచ్చారు, పేరు, వయసు, కులం అడిగి రాసుకున్నారు. మనకు మిగిలింది మాత్రం అంకెలే. తాలూకాలో మగవాళ్ళెందరు, ఆడవాళ్ళెందరు, అక్షరాలు వచ్చినవాళ్ళెందరు అని అచ్చేశారు తప్ప ఫలానా ఇంట్లో ఫలానా వాడున్నాడన్న కాగితం చూడ్డానికి దొరకదు. 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షను ప్రకారం మనిషి వారీ వివరాలు చూసే హక్కు ఎవరికీ లేదు. ఇంగ్లండులో వందేళ్ళు నిండాక ఆ కాగితాలు జనానికి తెరుస్తారు. 1921 నాటివి 2022 జనవరిలో తెరిచారు. అక్కడి బొగ్గుగని కూలీ మునిమనవడు ఇంట్లో కూర్చుని తన ముత్తాత ఇంట్లో లెక్క రాసిన రాత్రి ఎవరెవరున్నారో చదువుకోగలడు. మనకా వీలు లేదు.

మన సర్కారు శ్రద్ధగా రాసుకున్నదీ దాచుకున్నదీ భూమి సంగతి. మనిషి ఆ భూమిని ఆనుకుని ఉంటే అతని పేరూ పడుతుంది, లేకపోతే లేదు. కాబట్టి మామూలు రైతుని వెతకాలంటే ముందు అతని చేను వెతకాలి. సర్వే నంబరు తెలిస్తే మనిషి సగం దొరికినట్టే.

మా సర్వే నంబరు రీసెటిల్మెంట్ రిజిస్టరులో దొరికింది. కోస్తాలో భూమి తగువు పడ్డవాళ్ళెవరికైనా ఆర్‌ఎస్‌ఆర్ అంటే తెలుసు. ముప్పయ్యేళ్ళ లెక్కన శిస్తు తిరగరాసినప్పుడు ఊరు ఊరంతా కొలిచి, ఏ నంబరు మెట్టో ఏది పల్లమో, మట్టి ఏ తరగతో, తరం ఎంతో, ఎకరాలు సెంట్లు ఎన్నో, శిస్తు ఎంతో, పట్టాదారు ఎవరో వరసగా రాసిన పుస్తకం అది. ఇంగ్లీషు, తెలుగు రెండూ పక్కపక్కనే ఉండడంతో దీని పాత రూపాన్ని డైగ్లాట్ అనేవారు. మా ఊరి పుస్తకం 1930ల నాటిది. అందులో మా నంబరు ఎదురుగా పట్టాదారు గడిలో మా ముత్తాత పేరు, ఇంటిపేరుతో సహా, స్పష్టంగా ఉంది.

నాయనమ్మ లెక్కన 1918లో పోయిన మనిషి 1930ల్లో పట్టాదారు. రెండూ నిజం కావచ్చు. శిస్తు వసూలైతే చాలు, కట్టేవాడు బతికున్నాడా లేదా అన్నది రెవెన్యూ వాళ్ళకి పట్టే సంగతి కాదు. చచ్చిన తాత పేరు మీద కొడుకులు, మనవలు దశాబ్దాల పాటు శిస్తు కడుతూనే ఉంటారు. పట్టా మార్చుకోవాలంటే అప్పట్లో కరణంగారి దగ్గరికి వెళ్ళాలి, ఆయన చేయి తడపాలి, అన్నదమ్ముల వాటాలు తేల్చుకోవాలి. ఎకరం చిల్లరకి అంత తతంగం ఎవరికి కావాలి? ఇవాళ్టికీ పాస్‌బుక్కుల గొడవల్లో సగం ఇక్కడ పుట్టినవే. కాబట్టి పట్టాలో పేరుందంటే ఆ మనిషి ఒకప్పుడు ఉన్నాడనే అర్థం, అప్పుడున్నాడని కాదు.

దీనికి తోడు ఇంకో చిక్కు. మన వైపు మనవడికి తాత పేరు పెడతారు. తండ్రి పేరుతో కలిపి చూడకపోతే ఒకే మనిషి నూట ఇరవయ్యేళ్ళు బతికి వ్యవసాయం చేసినట్టు కాగితాలు చెబుతాయి. ఫలానా కొడుకు ఫలానా అని రెండు పేర్లూ జంటగా ఉంటేనే తరం తేలుతుంది. ఆర్‌ఎస్‌ఆర్‌లో తండ్రి పేరు లేదు. ఆ పట్టాదారు మా ముత్తాతా, ఆయన పేరే పెట్టుకున్న మనవడా? అప్పటికి మనవడు పుట్టలేదని ఇంట్లో లెక్క. ఆ లెక్కా నాయనమ్మదే.

ఇక మిగిలింది రిజిస్ట్రేషన్ ఆఫీసు.

మొదటి రిజిస్ట్రేషన్ చట్టం 1864లో వచ్చింది. తరవాత చాలా మార్పులు జరిగి 1908 నాటి చట్టం దగ్గర స్థిరపడింది. ఇప్పటికీ అదే నడుస్తోంది. స్థిరాస్తి దస్తావేజులన్నీ 1వ పుస్తకంలో అక్షరం పొల్లుపోకుండా నకలు ఎక్కుతాయి. వీలునామాలకి 3వ పుస్తకం, చిల్లర దస్తావేజులకి 4వ పుస్తకం. ఈ రెండింటికీ కట్టుబాట్లున్నాయి గాని 1వ పుస్తకం బహిరంగం. మనకు చుట్టం కాని, ముఖం తెలియని మనిషి అమ్మకం దస్తావేజు నకలు కూడా రుసుం కట్టి తీసుకోవచ్చు. చరిత్ర వెతికేవాడికి ఆ చట్టం చేసిన మేలు ఇది. చట్టం రాసినవాళ్ళు మనల్ని తలుచుకుని రాయలేదు, కొనేవాడు మోసపోకూడదని రాశారు.

కంప్యూటర్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల చిట్టా) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి చేత్తో తిరగెయ్యాల్సిందే. మనుషుల పేర్ల సూచీ ఒకటి, ఆస్తుల సూచీ ఒకటి ఉంటాయి. నేను ముందు పేర్ల సూచీ పట్టాను. మా ముత్తాత కొన్నట్టు గాని అమ్మినట్టు గాని ఒక్క దస్తావేజూ లేదు. ఆశ్చర్యం లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆ పైన విలువున్న అమ్మకానికే దస్తావేజు రిజిస్టరు చేయడం తప్పనిసరి. వందకు లోపైతే స్వాధీనం చేస్తే సరిపోతుంది. పేదవాడి భూమి చేతులు మారినప్పుడు కాగితం పుట్టకపోవడం చట్టసమ్మతమే. మన ఎకరం చిల్లర కూడా ఎక్కణ్ణుంచి వచ్చిందో అందుకే తెలియదు.

ఇక్కడే చాలామంది విసిగి ఆపేస్తారు. ఆపకండి. సొంత దస్తావేజు లేని మనిషి పక్కవాడి దస్తావేజులో ఉంటాడు.

ఏ అమ్మకం కాగితమైనా చివర ఆస్తి వివరం, దాని కింద చెక్కుబందీ. తూర్పు ఫలానా వారి మెట్ట, దక్షిణం పుంత, పడమర ఫలానా వారి గట్టు, ఉత్తరం ఫలానా. భూమి అమ్మినవాడు, కొన్నవాడు దస్తావేజులో హీరోలు. హద్దుల్లో ఉన్న నలుగురికి ఆ లావాదేవీతో ఏ సంబంధమూ లేదు. వాళ్ళు అక్కడ వ్యవసాయం చేసుకుంటున్నారు, అంతే. మామూలు మనిషి చరిత్రకెక్కే దారి నాకు తెలిసినంతలో ఇదే: పక్కవాడికి అవసరం పడి.

కాబట్టి పేరు వదిలేసి ఆస్తుల సూచీ పట్టాను. మా నంబరుకి నాలుగు పక్కలా ఉన్న నంబర్లు తీసుకుని, వాటి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు అన్నీ లాగాను. దక్షిణం వైపు చేను 1910 దాటాక ఒకసారి, మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఒకసారి చేతులు మారింది. రెండు దస్తావేజుల్లోనూ ఉత్తరపు హద్దు మా ముత్తాతే. తండ్రి పేరుతో సహా ఉన్నాడు. తూర్పు చేను 1920ల మధ్యలో అమ్ముడైంది. అందులో పడమర హద్దు చోట ఆయన పేరు ముందు కీర్తిశేషులు అని, వెనక వారసుల మెట్ట అని చేరాయి.

యుద్ధం తరవాత దస్తావేజులో మామూలుగా పేరుంది కాబట్టి అప్పటికి బతికే ఉన్నాడనుకోవచ్చా? ఈ ప్రశ్న ఒక పెద్ద దస్తావేజు లేఖరిని అడిగాను. ఆయన తండ్రి, తాత కూడా అదే వృత్తి. నవ్వేశాడు. "హద్దులు రాయడానికి మేం పొలం వెళ్తామేంటండీ బాబూ? లింకు దస్తావేజు ముందు పెట్టుకుని దింపేయడమే. తప్పు పోతే పాతదాని తప్పే కదండీ." నిజమే. కొత్త హద్దు రాస్తే రేపు కోర్టులో పాతదానితో పొంతన కుదరదు. అందుకని చనిపోయినవాళ్ళు హద్దుల్లో ఇరవై ముప్పయ్యేళ్ళు నిలబడే ఉంటారు.

అంటే హద్దు చెప్పే సాక్ష్యానికి ఒక వైపే పదును. పేరు మారకపోతే ఏమీ రుజువు కాదు. పేరు మారితే మాత్రం రుజువే, ఎందుకంటే ఎవరో పూనుకుని, పాత కాగితాన్ని కాదని, పోయాడు అని చెప్పి రాయించారు. మా ముత్తాత 1920ల మధ్యకి ముందు పోయాడన్నది నిశ్చయం. 1918కి ముందా వెనకా అన్నది హద్దులు చెప్పలేదు.

చెప్పింది అప్పు. తూర్పు చేను కాగితాల కోసం అదే సంపుటం తిరగేస్తుంటే, సూచీలో ఇంటిపేరు తప్పుగా పడి నా కంటికి ఆనని తనఖా దస్తావేజు ఒకటి తగిలింది. రాసి ఇచ్చినవాడు మా ముత్తాత. తండ్రి పేరు సరే, ఊరు సరే, సర్వే నంబరు మాదే. సంవత్సరం 1918 తరవాతది.

కొడుకు పేరు మీదో, హద్దులోనో కాదు, ఇక్కడ మనిషే స్వయంగా ఉన్నాడు. అప్పు తీసుకునేవాడు సబ్ రిజిస్ట్రారు ఎదటికి వచ్చి రాసి ఇచ్చింది నేనే అని ఒప్పుకోవాలి. అతను అతనేనని ఇద్దరు గుర్తుపట్టి సంతకాలు పెట్టాలి. చనిపోయినవాడు హద్దులో నిలబడగలడు గాని సబ్ రిజిస్ట్రారు ముందు నిలబడలేడు. పైగా ఆ ఆఫీసు వాళ్ళు దస్తావేజు వీపున ఒక ఎండార్సుమెంటు రాస్తారు: ఫలానా తేదీన పగలు ఇన్ని గంటలకు, ఇన్ని గంటలకు మధ్య దాఖలు చేయబడినది అని. మాది పదకొండుకీ పన్నెండుకీ మధ్య. మా ముత్తాత జీవితంలో ఫలానా గంటలో ఫలానా చోట ఉన్నాడని ఖచ్చితంగా చెప్పగలిగింది అదొక్కటే. ఆ కిందే ఎడమ చేతి బొటనవేలి ముద్ర అని నకలు గుమాస్తా రాశాడు. ముద్ర నకలు పుస్తకంలో ఉండదు. అసలు దస్తావేజు అప్పిచ్చినవాడి పెట్టెలోకి పోయింది.

అప్పెందుకు చేశాడో కూడా దస్తావేజులో ఉంది: కుటుంబ ఖర్చులు, సర్కారు శిస్తు, పూర్వపు బాకీ తీర్చడం. ఇంట్లో పెళ్ళి జరిగిందనో, వర్షాలు లేవనో దీన్నిబట్టి కథలల్లకూడదు. ఉమ్మడి ఆస్తిని ఇంటి పెద్ద తాకట్టు పెడితే అది కుటుంబ అవసరం కోసమేనని కనిపించాలి. లేకపోతే రేపు కొడుకు పెద్దవాడై మా వాటా మీద తాకట్టు చెల్లదని దావా వేస్తాడు. అప్పిచ్చేవాడికి ఆ భయం ఉంటుంది కాబట్టి, పేకాటకి తీసుకున్నా లేఖరి రాసేది కుటుంబ ఖర్చులే. దస్తావేజులో ప్రతి వాక్యం ఏదో ఒక దావాని ముందే ఊహించి రాసినది. అందులోంచి మనిషి మనసు తీయబోతే వకీలు మనసు బయటపడుతుంది. నాయనమ్మతో ఈ తనఖా సంగతి చెప్పినప్పుడు ఆవిడ పెద్దగా కదల్లేదు. "కాగితాల్లో ఇంకేం ఉంటాయిరా, బాకీలు తప్ప," అంది.

మరి కాళయుక్తిలో పోయింది ఎవరు? ఎవరో పోయి ఉండాలి. మా ఇంట్లో ఆ ఏటి పేరు అంత గట్టిగా పట్టుకుని ఉన్నారంటే ఊరికే కాదు.

మద్రాసు రాజధానిలో పల్లెల్లో జననమరణాలు నమోదు చేసే చట్టం 1899లో వచ్చింది. రాసేది ఊళ్ళో గ్రామాధికారే. పుట్టిన బిడ్డకి బారసాల కాకముందే నమోదు కాబట్టి జననాల పుస్తకంలో పేరుండదు. మగ, ఆడ అని, తండ్రి పేరు ఉంటాయి. ఇవాళ పాస్‌పోర్టు కోసం తాత పుట్టిన తేదీ వెతికేవాళ్ళకి ఇది తెలిసిన బాధే. మరణాల పుస్తకం నయం. అందులో పోయినవాళ్ళ పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు, కులం, వృత్తి, కారణం ఉంటాయి. కారణం మాత్రం నమ్మదగ్గది కాదు. మునసబు వైద్యుడు కాడు. ఆయన ఎదట ఉన్న గడులు కలరా, మశూచికం, జ్వరం, విరేచనాలు, దెబ్బలు, ఇతరం. ఏం వచ్చి పోయినా ఒళ్ళు వేడెక్కితే జ్వరమే. ఇన్‌ఫ్లుయెంజా అనే మాట ఆ పుస్తకంలో వెతక్కండి.

1918 అక్టోబరు, నవంబరు పేజీలు చూస్తే పేరు చదవకుండానే సంగతి అర్థమవుతుంది. అంతకు ముందు నెలలు ఒక్కో పేజీ కూడా నిండలేదు. ఈ రెండు నెలలకీ పేజీ తరవాత పేజీ. కారణం గడిలో పైన ఒకసారి జ్వరం అని, కింద వరసగా సదరు, సదరు, సదరు. వయసులు చూడండి: ఇరవై, ఇరవై ఎనిమిది, ముప్పై, పద్దెనిమిది. మామూలుగా జ్వరాలకి పోయేది పసిపిల్లలు, ముసలివాళ్ళు. ఆ ఏడు ప్రపంచమంతటా నడివయసు రాని వాళ్ళని ఎక్కువగా కొట్టింది. మా ఊరి పేజీ కూడా అదే చూపిస్తోంది.

అందులో ఒక ఆడమనిషి పేరు. వయసు పాతికలోపు. భర్త పేరు దగ్గర మా ముత్తాత, ఇంటిపేరుతో సహా. ఆమె పేరు మా ముత్తవ్వ పేరు కాదు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆ పేరు వినలేదు.

మా ముత్తాతకి మొదటి భార్య ఒకామె ఉండేదని, కాళయుక్తిలో జ్వరాలకి పోయిందని, తరవాత ఆయన మారు మనువు చేసుకున్నాడని, నాయనమ్మ అత్తగారు ఆ రెండో ఆవిడని ఇప్పుడు అనుకోవడానికి వీలుంది. ఇంట్లో చావు జరిగిన ఏడు నిలిచింది, చనిపోయిన మనిషి జారిపోయి ఆ చోట ఇంటి పెద్ద పేరు చేరింది. అలా జరగడంలో వింతేమీ లేదు. మొదటి భార్య పేరు చెప్పి అన్నం పెట్టడం ఆమె కడుపున పిల్లలుంటే కొనసాగేది. పిల్లల్లేని మనిషిని తలుచుకోవాల్సిన బాధ్యత ఎవరికీ లేకపోయింది. తద్దినం పెట్టే ఇళ్ళలో కూడా మంత్రం మూడు తరాల దగ్గర ఆగుతుంది. మాలాంటి ఇళ్ళలో రెండో తరానికే ఆగింది.

ఆడవాళ్ళ పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. రెండో ఆవిడ, నాయనమ్మ అత్తగారు, కాగితం మీద మొదటిసారి కనిపించేది భర్త పోయాకే. ఆ తనఖా తీర్చడానికి చేనులో కొంత అమ్మారు. అమ్మినవాళ్ళ పేర్లలో మైనరు కొడుకులు, వాళ్ళకి గార్డియనుగా తల్లి. కాపురం చేసినన్నాళ్ళూ సర్కారుకి ఆవిడతో పనిపడలేదు. ఇది మా ఇంటి సంగతే అనుకోనక్కరలేదు. 1951-52 మొదటి సాధారణ ఎన్నికలకి ఓటర్ల జాబితా రాస్తున్నప్పుడు ఉత్తరాదిలో లక్షల మంది ఆడవాళ్ళు సొంత పేరు చెప్పకుండా ఫలానా వాడి భార్యననో, కూతురిననో చెప్పారు. సొంత పేరు తేలని సుమారు 28 లక్షల మందిని జాబితాలోంచి తీసేశారు. ముత్తవ్వల పేర్లు వెతికేవాళ్ళు వైధవ్యం, మైనరు పిల్లలు, దావాలు ఉన్న చోట ముందు చూడండి. సుఖంగా ఉన్న చోట దొరకరు.

తెలంగాణ నుంచి రాసే పాఠకులు మా దగ్గర దారేమిటని అడుగుతున్నారు. మీకు నిజాం కాలపు సర్వే రిజిస్టరు సేత్వార్ ఉంది, ఉర్దూలో ఉంటుంది, చదివి పెట్టే పెద్దలు తగ్గిపోతున్నారు. అంతకన్నా ముఖ్యం 1954-55 ఖాస్రా పహాణీ. అందులో పట్టాదారు వేరు, భూమి కబ్జాలో ఉన్నవాడు వేరు, ఇద్దరినీ రాశారు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్ల జాబితాలూ తయారయ్యాయి. అంటే సొంత భూమి లేకుండా ఒకరి పొలం దున్నుకున్నవాడి పేరు కూడా అక్కడ కాగితానికెక్కింది. ఈ విషయంలో కోస్తా వాళ్ళ కన్నా మీరే మేలు. మా వైపు కౌలుదారు నోటిమాట మీద దున్నాడు, నోటిమాట మీద దిగిపోయాడు.

కౌలుకి కూడా భూమి దొరకని వాళ్ళ మాటేమిటి? మా ఊరి దస్తావేజుల్లో పడమర హద్దుగా చాలాసార్లు మాలపల్లె పుంత అని ఉంటుంది. పల్లె మొత్తం ఒక హద్దు. అందులో ఒక్క మనిషికీ పేరు లేదు. పాలేరు, అతని తండ్రి, అతని తాత మా ముత్తాత చేలోనే కోతలు కోసి ఉంటారు. రెవెన్యూ పుస్తకాల్లో వాళ్ళ కోసం వెతకడం దండగ. ఆ తరాల పేర్లు బడి అడ్మిషను రిజిస్టర్లలో, మిషను వాళ్ళ బాప్తిస్మపు పుస్తకాల్లో ఉన్నాయి. ధాత కరువు దాటుతున్న రోజుల్లో, 1878 జూలై 3న ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషను వాళ్ళు ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కరువు పనిగా బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత మేర కాంట్రాక్టు తీసుకుని ఆ జనానికే కూలి చూపించిన జాన్ క్లౌ ఆ మిషను పెద్ద. అక్కడి పల్లెల్లో ఎవరికైనా నాలుగైదు తరాల వెనక్కి వెళ్ళే దారి ఉందంటే కరణంగారి పెట్టెలోంచి కాదు, గుడి బీరువాలోంచే.

కరణంగారి పెట్టె అన్నాను గాని ఇప్పుడది ఉందో లేదో చూసుకోవాలి. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. ఊరి లెక్కలన్నీ అప్పగించమన్నారు. కొందరు అన్నీ అప్పగించారు, కొందరు కోర్టుకెళ్ళారు, కొన్నిళ్ళలో అటక మీదే ఉండిపోయాయి. మీ ఊళ్ళో పాత కరణంగారి కుటుంబం ఉంటే ఒకసారి మర్యాదగా వెళ్ళి కూర్చోండి. భూమి కోసం వచ్చామని కాకుండా మనిషి కోసం వచ్చామని ముందే చెప్పండి, లేకపోతే తలుపు తెరుచుకోదు.

ఇక రంగం వెళ్ళిన తమ్ముడు. ఇక్కడొక విడ్డూరం ఉంది. అదే కాలంలో, అదే తీరం నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి వెళ్ళిన కూలీ గురించి మనకు బోలెడు తెలుసు. 1860 అక్టోబరులో మద్రాసు రేవులో బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరిన ట్రూరో మొదలు, 1911లో వెళ్ళిన చివరి ఓడ దాకా లక్షా 52 వేల మంది పేర్లు ఓడల వారీగా రాసి ఉన్నాయి. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చ ఎక్కడో, గాయం మచ్చ ఎక్కడో. మారిషస్ వెళ్ళినవాళ్ళకైతే 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. ఐదేళ్ళ కరారు కూలీ పారిపోతే పట్టుకోవాలి కాబట్టి అంత వివరంగా రాసుకున్నారు. వైజాగపట్నం జిల్లాలో కూలి చేసుకుని బతికిన ఏ అన్నకీ ఒక్క అక్షరం లేదు. నటాల్ చెరకు తోటకి పోయిన అతని తమ్ముడికి చెంప మీద మచ్చతో సహా చరిత్ర ఉంది. డర్బన్ నుంచి ముని మనవలు ఆ కాగితం పట్టుకుని, ఇంగ్లీషులో వంకర పోయిన ఊరి పేరు సరిచేసుకుంటూ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తిరుగుతున్నారు.

రంగం వెళ్ళినవాడికి అదీ లేదు. బర్మా 1937 ఏప్రిల్ దాకా బ్రిటిషు ఇండియాలో ఒక భాగం. కాకినాడలో, విశాఖలో, కళింగపట్నంలో స్టీమరెక్కి డెక్కు మీద కూర్చుని పోవడమంటే సర్కారు దృష్టిలో విదేశం పోవడం కాదు. కరారు లేదు, పాసు లేదు, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఉంటే ఉంది. లక్షల మంది అలా వెళ్ళారు, ధాన్యం మిల్లుల్లో, రేవుల్లో పనిచేశారు. కోరంగి రేవు పేరుతో అక్కడ తెలుగువాళ్ళందరినీ కోరంగీలన్నారు. 1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీల సమ్మె దగ్గర అంటుకున్న కొట్లాటలో ఎందరో పోయారు. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాక మిగిలినవాళ్ళు అడవుల మీదుగా నడిచి వచ్చారు, దారిలో రాలిపోయినవాళ్ళు రాలిపోయారు. మా ముత్తాత తమ్ముడు ఇందులో దేనికి చిక్కాడో, అసలు అంతదాకా ఉన్నాడో ఊరి పుస్తకాలు చెప్పవు.

ఇంట్లో మాత్రం ఆయనవి రెండు మనియార్డరు కూపన్లున్నాయి. పంపినవాడి మాటల కోసం వదిలిన చోట ఎవరిచేతో రాయించిన నాలుగు ముక్కలు, పైన రంగూను పోస్టాఫీసు ముద్ర. ఒకదాని మీద తేదీ చదవడానికి వస్తోంది. వచ్చే భాగం వాటితో మొదలుపెడతాను.

(ఇంకా ఉంది)